గంటకు ఆరు ఆసన వియోగాలు

కొత్తగెడ్డ ప్రాథమిక పాఠశాలలో చదివే యాభై ఏడుమంది పిల్లల్లో నలుగురికి నిలకడ లేదని రాజధానిలో తేలింది. ఆ నలుగురూ ఎవరన్నది మాత్రం తేలలేదు. ఆ కాస్త పనీ దమయంతి టీచరు మీద పెట్టారు.

రాజధానిలో బాల్య ఏకాగ్రతా పరిశోధనా కేంద్రమని ఒకటుంది. అక్కడి పెద్దలు మూడేళ్లు కిందా మీదా పడి, నూటికి ఏడుగురు పిల్లలకి నిలకడ లోపం ఉంటుందని, అంటే చెప్పేది వినలేకపోవడం, ఉన్నచోట ఉండలేకపోవడం వగైరా ఉంటాయని ఒక లావుపాటి నివేదిక రాశారు. ప్రతి బిడ్డా వేరు గనక తొందరపడకుండా చూడాలని చివరి పేజీలో రాశారట కూడా. కానీ చివరి పేజీ దాకా మనసు నిలిపి చదివే మనిషి పై ఆఫీసుల్లో ఒక్కరూ దొరకలేదు. మొదటి పేజీయే ఉత్తర్వుగా మారి జిల్లాలమీద పడింది: ప్రతి పాఠశాలయూ తన విద్యార్థులలో ఏడు శాతమును నిలకడలేని శిశువులుగా నెలాఖరులోగా గుర్తించి పంపవలెను.

ఆ ఉత్తర్వు పట్టుకుని జీపులో దిగినాయన పేరు వైకుంఠరావు గారు. మండల ఏకాగ్రతాధికారి. ఈ ఉద్యోగం పుట్టి పదహారు రోజులే అయింది. అంతకుముందు ఆయన పదిహేనేళ్లు భూగర్భ జలాల శాఖలో, బోరుబావుల్లోకి తాడు వదిలి నీటిమట్టం కొలిచేవారు. మనిషి చెడ్డవారు కాదు. కొలవకుండా ఏదైనా నమ్మమంటే ఆయనకి ఊపిరాడదు, అంతే.

"సార్, యాభై ఏడుకి ఏడు శాతమంటే మూడు పాయింట్ తొమ్మిది తొమ్మిది వస్తోంది," అంది దమయంతి టీచరు.

"నాలుగు చెయ్యండి. అయితే ఆ నాలుగో శిశువు విషయంలో కాస్త సంయమనం పాటించాలి. మరీ నిలకడలేనివాణ్ణి పెట్టేశారనుకోండి, లక్ష్యాన్ని ఉల్లంఘించినట్టవుతుంది."

దమయంతి టీచరు ఇరవై రెండేళ్ల సర్వీసులో ఇలాంటివి చాలానే చూసింది గనక నవ్వకుండా తలూపింది. ఆ బడికి ఆవిడొక్కతే టీచరు. రెండో టీచర్ని ఇలాంటి ఫారాలకి గళ్లు గీయడానికి జిల్లా ఆఫీసుకి పట్టుకుపోయారు.

"నాకు ఈ పిల్లలు చిన్నప్పట్నుంచీ తెలుసు సార్. ఎవరికి సాయం కావాలో ఇప్పుడే చెప్పేస్తాను, రాసుకోండి," అందావిడ ఆశగా.

వైకుంఠరావు గారు చెయ్యి అడ్డం పెట్టారు. "అభిప్రాయాలు వద్దండీ! మనకి కావలసింది కొలత. శిశువు యొక్క శరీరము ఆసనమును విడిచిన ప్రతి సందర్భమునూ ఒక ఆసన వియోగముగా పరిగణించవలెను. గంటకు ఆరు వియోగాలు, ఆపైన నమోదైతే నిలకడ లేదు. ఆరుకి లోపైతే ఉంది. ఇంత సులువు చేసి పెట్టింది ప్రభుత్వం."

"మరి కుదురుగా కూర్చునే, మనసు నిలపలేని పిల్లలుంటారు కద సార్?"

"కూర్చునే ఉన్నారా?"

"కూర్చునే ఉంటారు."

"ఇంకేం మరి!" అని ఆయన జీపెక్కారు.

దమయంతి టీచరు అడిగింది కుసుమ గురించి. నాలుగో తరగతి. తాపీపని చేసే తవిటయ్య కూతురు. ఆ పిల్లంత నెమ్మదైన పిల్ల ఈ భూమ్మీద ఉండదు. పొద్దున్న బల్లమీద కూర్చుందంటే మధ్యాహ్నం అన్నం గంట కొట్టేదాకా కదలదు. ఆ గంటైనా పక్కవాళ్లు చెబితేనే తెలుస్తుంది. కళ్లు మాత్రం కిటికీలోనో, వాసానికి పట్టిన సాలెగూట్లోనో ఉంటాయి. లెక్క మొదలెడుతుంది, సగంలో పెన్సిలు ఆగిపోతుంది. ఈ ఏడు ఇప్పటికే మూడు అన్నం డబ్బాలు పారేసింది, నాలుగోది ఎక్కడుందో ఇంట్లో ఇంకా అడగలేదు. మందమతి అందామా అంటే కాదు. పక్కన కూర్చుని ఒక్కో ముక్కా అడిగితే టకటకా చెబుతుంది. కానీ యాభై ఏడుమందిని పెట్టుకుని ఒక్కదాని పక్కన ఎంతసేపు కూర్చోగలరు?

తవిటయ్య ఓపిక అప్పటికే అయిపోయింది. వినాయక చవితి వెళ్లిన మర్నాడు బడికొచ్చి చెప్పేశాడు. "టీచరమ్మా, సెప్పి సెప్పి నా నోరు పడిపోయింది. ఈ ఆరునెల్ల పరీచ్చ గాని తప్పిందో, పెద్దపేటలో మా అప్ప ఇంటికి తోలేస్తాను. ఆలింట్లో జీడిపప్పు పొర ఒలుత్తారు. ఇదీ ఒలుసుకుంటాది."

"తొమ్మిదేళ్ల పిల్ల తవిటయ్యా!"

"సదువురాని గుంట ఎన్నేళ్లయితే ఏటి?" అన్నాడు గాని, అన్నాక మొహం పక్కకి తిప్పుకున్నాడు.

పిల్లల మనసు చూసే డాక్టరు ఒకావిడ జిల్లా ఆస్పత్రికి వచ్చిందని, ఈ పథకం కింద కార్తీక మాసంలో కొత్తగెడ్డకే వస్తుందని దమయంతి టీచరుకి తెలిసింది. దేవుడిలా వచ్చిందనుకుంది. తీరా ఉత్తర్వు తిరగేస్తే తొమ్మిదో నిబంధన కనపడింది: డాక్టరు గారి కాలము అమూల్యమైనందున, జాబితాలోని శిశువులకు తప్ప అన్యులకు దర్శనము లేదు. ఆస్పత్రిలోనూ అంతే, బడిలోనూ అంతే.

సరే, కొలత మొదలైంది. అరనిమిషానికోసారి తలెత్తి ఎవరు లేచారో చూడాలి, గీత గీయాలి, తల దించాలి. ఆ వారం రోజులూ బడిలో ఒక్క అక్షరం చెప్పినవాళ్లు లేరు. టీచరు తమకేసి ఇంత శ్రద్ధగా చూడడం పిల్లలెప్పుడూ ఎరగరు. దాంతో వాళ్లు రెట్టించిన ఉత్సాహంతో లేవడం మొదలెట్టారు.

సోమవారం మామూలుగా గడిచింది. మంగళవారం బల్లలకింద గండుచీమలు లేచాయి. ఒక్కరు తప్ప అందరూ ఒక్కుమ్మడిగా పైకెగిరి, కిందకి దిగి, మళ్లీ ఎగిరారు. దమయంతి టీచరు కూడా ఎగిరింది గాని ఆవిడకి ఫారంలో గడి లేదు. మర్నాడు మెమో వచ్చింది. "మీ పాఠశాలలో నిలకడలేమి తొంభై ఎనిమిది శాతముగా నమోదైనది. ఇది మంజూరైన లక్ష్యమునకు పద్నాలుగింతలు. ముందస్తు అనుమతి లేకుండా ఇంత నిలకడలేమిని ఏల ఉత్పత్తి చేసితిరో సంజాయిషీ ఇవ్వవలెను."

ఆవిడ చీమల సంగతి రాసింది. చీమలు ఏ శాఖ కిందికి వస్తాయో రాయలేదని ఇంకో మెమో వచ్చింది.

గురువారం వైకుంఠరావు గారే దిగి, కొలతకి ముందు పిల్లలకి మంచినీళ్లు ఇవ్వకూడదని, పెన్సిళ్లు ఇంటి దగ్గరే చెక్కుకు రావాలని, దురద పుడితే వియోగం చెందకుండా గోక్కోవాలని ఆదేశించారు. ఆ రోజు ఒక్కరూ లేవలేదు. శుక్రవారం మూడో మెమో: "సున్నా శాతము. బాల్య సమస్యలపట్ల మీ నిర్లక్ష్యము శోచనీయము."

దమయంతి టీచరుకి తల ప్రాణం తోకకొచ్చింది. శనివారం కిటికీలు తెరిచి, కుండనిండా నీళ్లు పోయించి, మీ ఇష్టం అని వదిలేసింది. లెక్క తీస్తే సరిగ్గా నలుగురు తేలారు. ఒకటో నంబరు చలపతికి ఆ పూట విరేచనాలు. రెండో నంబరు పిల్లాడికి గజ్జి, ఐదు నిమిషాలకోసారి లేచి గోడకి వీపు రాసుకునేవాడు. మూడో నంబరు ఢిల్లీశ్వరి. ఈ గుంటకి కూర్చోవడమంటే ఏమిటో తెలీదు, బల్ల ఉన్నదే గోడెక్కడానికని దాని నమ్మకం, గంటకి పందొమ్మిది వియోగాలు. నాలుగో నంబరు క్లాసు లీడరు ఉష. సుద్దముక్క తే, డస్టరు దులుపు, గేటు దగ్గర ఎవరో చూడు అంటూ ఆ పిల్లని ఏడుసార్లు లేపింది సాక్షాత్తూ దమయంతి టీచరే.

కుసుమ పేరుకెదురుగా వారం పొడుగునా సున్నాలు. చీమలరోజు ఒక్కటే ఒకటి పడింది, అదీ ఉష రెక్కపట్టుకు లాగితే.

"సార్, ఈ పిల్లని కూడా జాబితాలో వేసుకోండి. మీ కాళ్లు పట్టుకుంటాను," అని బతిమాలింది దమయంతి టీచరు.

వైకుంఠరావు గారు కాలిక్యులేటరు తీశారు. "ఐదుగురా! ఎనిమిది పాయింట్ ఏడు ఏడు శాతం! రాష్ట్రం పరువు ఏమవుతుందండీ?"

"పోనీ ఉషని తీసేసి దీన్ని పెట్టండి."

"అర్హత ఉండొద్దూ? సున్నాలు పెట్టుకుని జాబితాలోకి ఎలా వస్తుంది?" అని కాస్సేపు ఆలోచించి ఆయన మెత్తబడ్డారు. "నియమం మానవత్వానికి వ్యతిరేకం కాదు టీచరు గారూ. గురువారం పదింటికి ప్రత్యేక పునఃపరిశీలన పెడతాను. నా సమక్షంలో ఆ శిశువు గంటలో ఆరుసార్లు లేస్తే చాలు. చేర్చేస్తాను."

ఆరుసార్లు లేవడమేగా, అదెంత పని అనుకుంది దమయంతి టీచరు. బుధవారం సాయంత్రం కుసుమని ఎదురుగా నిలబెట్టుకుని చెప్పింది.

"రేపు సారొస్తారు. గంటలో ఆరుసార్లు లేచి కూర్చోవాలి. అలా చేస్తేనే డాక్టరమ్మ నిన్ను చూస్తుంది. గుర్తుంటుందా?"

"గుర్తుంటాది టీచర్," అంది కుసుమ మనస్ఫూర్తిగా.

"ఎన్నిసార్లు?"

"ఆరుసార్లు."

"ఎందుకు?"

కుసుమ కాసేపు ఆలోచించింది. "ఏటెందుకు టీచర్?"

అప్పుడే దమయంతి టీచరు గుండెలో రాయి పడింది. మనసు నిలవదని రుజువు చేసుకోడానికి ఆ పిల్ల గంటసేపు మనసు నిలపాలి! ఆ ముక్క ఇంత ఉత్తర్వు రాసిన మహానుభావుల్లో ఒక్కరికైనా తట్టలేదు గదా అని ఒళ్లు మండిపోయింది.

ఎందుకైనా మంచిదని గురువారం కుసుమ పక్కన ఢిల్లీశ్వరిని కూర్చోబెట్టి, పది నిమిషాలకోసారి గిల్లమని పురమాయించింది. ఢిల్లీశ్వరికి ఇంత ఇష్టమైన పని ఇంతవరకూ ఏ టీచరూ చెప్పలేదు. పదీ పదికి గిల్లింది. కుసుమ చెయ్యి రుద్దుకుంది. పదీ ఇరవైకి గట్టిగా గిల్లింది. కుసుమకి టక్కున గుర్తొచ్చింది. లేచింది!

వైకుంఠరావు గారు గీత గీశారు.

లేచిన కుసుమకి కిటికీ చువ్వల్లోంచి ఎదురింటి చూరు కనపడింది. ఆ చూరుకింద ఒక పిచ్చుక గడ్డిపోచ దూర్చాలని చూస్తోంది. పోచ జారుతోంది. మళ్లీ దూరుస్తోంది. అంతే, కుసుమ అలాగే నిలబడిపోయింది. ఢిల్లీశ్వరి గౌను పట్టి లాగింది, కాలు తొక్కింది, ఆఖరికి "కూకోయే, కూకుంటేగదా మళ్లీ లెగుస్తావు!" అని చెవిలో మొత్తుకుంది. అహఁ. గంట పదకొండు కొట్టేదాకా ఆ పిల్ల నిలబడే ఉంది.

వైకుంఠరావు గారు కలం కింద పెట్టారు. "వియోగం ఒకటి. ఒకే ఒక్కటి! అదీ లేచినది లేచినట్టే నలభై నిమిషాలు చెక్కుచెదరకుండా! నా సర్వీసులో ఇంత నిశ్చలమైన మట్టం నేను ఏ బావిలోనూ చూడలేదు టీచరు గారూ. ఈ శిశువు జాబితాలో ఉండవలసింది కాదు, వేదిక మీద ఉండవలసింది."

అన్నంత పనీ చేశారు. పదిరోజులు తిరక్కుండా మండల కార్యాలయం ముందు షామియానా వేసి, కుసుమకి 'ఏకాగ్రతా రత్న' పతకం ప్రకటించారు. తవిటయ్య తెల్లచొక్కా తొడుక్కుని ముందు వరసలో కూర్చున్నాడు.

"కుమారి కుసుమ వేదిక మీదకి రావలెను," అని మైకులో పిలిచారు. రాలేదు. రెండోసారి పిలిచారు. మూడోసారి పిలిచారు. కుసుమ షామియానాకి కుట్టిన రంగుముక్కలు చూస్తోంది, ఎరుపు తర్వాత పసుపు, పసుపు తర్వాత ఎరుపు.

"చూడండి! సాక్షాత్తూ కీర్తి వచ్చి పిలిచినా చలించని స్థైర్యం!" అని వైకుంఠరావు గారు మైకులోనే గద్గదమైపోయి, తనే కిందకి దిగొచ్చి ఆ పిల్ల మెడలో పతకం వేశారు. జనం చప్పట్లు కొట్టారు. దమయంతి టీచరు కొట్టలేదు. ఆవిడకి ఏడవాలనిపించింది.

మర్నాడు కుసుమ తల్లి బడి గేటు దగ్గర నిలబడి కళ్లొత్తుకుంటూ చెప్పింది. తవిటయ్య రాత్రంతా పతకం చూసుకుని మురిసిపోయాడట. పొద్దున్న సంచీలోంచి లెక్కల నోటుబుక్కు తీశాడట. పది లెక్కలిస్తే పదీ సగంలో ఆగిపోయున్నాయట.

"ఇన్నాళ్లూ తెలివిలేని గుంటనుకున్నానే, సర్కారోలే పిలిసి పతకమిచ్చినారు, అంటే తెలివుండే సదవట్లేదన్నమాట, పొగరన్నమాట! అనేసి రెండు బాదేసినాడు టీచరమ్మా. పరీచ్చదాకా ఏల, పున్నమెల్లగానే పెద్దపేట తోలేస్తానంటన్నాడు. దానికి ఏల కొట్టినాడో కూడా తెల్దు. ఏం సేసినానమ్మా, ఏం సేసినానమ్మా అని నన్నడుగుతాది."

దమయంతి టీచరుకి తన తప్పు తెలిసొచ్చింది. అంతవరకూ తెలివిలేనిదన్న పేరే ఉండేది పిల్లకి. ఆ పునఃపరిశీలన అడిగి, పతకం తెప్పించి, పొగరుబోతన్న పేరు కూడా తెచ్చిపెట్టింది తనేగా! ఆ రోజంతా అన్నం ముట్టలేదు. వైకుంఠరావు గారి మీద, రాజధాని మీద, తన మీద కోపంతో ఉడికిపోయి, సాయంత్రానికి ఒక నిర్ణయానికొచ్చింది. ఉద్యోగం పోతే పోనీ.

డాక్టరు రెహానా వచ్చిన రోజు నలుగురు శిశువుల మెడల్లోనూ నంబరు బిళ్లలు వేశారు. పేర్లు రాస్తే గోప్యతకి భంగమని పై ఆజ్ఞ. వైకుంఠరావు గారు వరండాలో బల్ల వేసుకుని, బిళ్ల చూసి లోపలికి పంపుతున్నారు. మొహాలు చూడ్డం ఆయన విధుల్లో లేదు.

దమయంతి టీచరు బడి వెనక్కి వెళ్లి పిలిచింది. "ఢిల్లీ, ఆ బిళ్ల ఇలా ఇయ్యి."

"మరి డాట్రమ్మకి నానేటి సెప్పాలి?"

"నువ్వేం చెప్పక్కర్లేదు. వెళ్లి గోడెక్కు."

ఢిల్లీశ్వరి నమ్మలేక టీచరు మొహంకేసి రెండుసార్లు చూసింది. తర్వాత మారుమాట్లాడకుండా ఎక్కేసింది.

మిగతా ముగ్గురి పనీ పావుగంటలో అయిపోయింది. చలపతికి కాచి చల్లార్చిన నీళ్లు, గజ్జి పిల్లాడికి పూత మందు రాసిచ్చింది డాక్టరు. ఉషని చూసి, "ఈ అమ్మాయికి ఏమీ లేదు. సుద్దముక్క టీచరుగారే తెచ్చుకుంటే సరిపోతుంది," అని రాసింది. మూడో నంబరు బిళ్లతో కుసుమ లోపలికెళ్లాక మాత్రం ముప్పావుగంట దాకా తలుపు తెరుచుకోలేదు.

డాక్టరు తొందరపడలేదు. పక్కన కూర్చుంది. కుసుమ ఫ్యాను చూస్తూంటే తనూ కాసేపు ఫ్యాను చూసింది.

"క్లాసులో టీచరుగారు చెప్పేది వినపడుతుందా అమ్మా?"

"మొదలు ఇనపడతాదండి. తర్వాత ఎల్లిపోతాది."

"ఎక్కడికి?"

"తెల్దండి. మాట ఎల్లిపోతాదో, నానే ఎల్లిపోతానో. తిరిగొచ్చేసరికి అందరూ ఇంకో పేజీలో ఉంటారు." కుసుమ కళ్లనిండా నీళ్లు తిరిగాయి. "నాను కావాలని ఎల్లనండి."

మూల నిలబడ్డ దమయంతి టీచరు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాలుగేళ్లు పాఠం చెప్పి, ఈ ఒక్క ప్రశ్న తనెప్పుడూ అడగలేదు.

డాక్టరు తవిటయ్యని పిలిపించింది. అతను తాపీ చేతులు తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడ్డాడు.

"తవిటయ్య గారూ, మీ అమ్మాయికి తెలివుంది. పొగరు లేదు. వినాలనే ఉంది, మనసు పట్టు జారిపోతోంది. లేచి గెంతే పిల్లలైతే అందరికీ కనపడతారు. ఇలా కుదురుగా కూర్చునే పిల్లలు, అందులోనూ ఆడపిల్లలు, ఎవరి కంటికీ ఆనరు. ఇది మనం సాయం చేస్తే బాగుపడే విషయమే. కొడితే మాత్రం బాగుపడదు."

"మొన్న రెండు బాదేసినానండి," అన్నాడు తవిటయ్య. "కళ్లు అగుపడని గుంటని దారి సూడలేదని కొట్టినట్టయిపోనాది నా పని." బయటికెళ్లి కుళాయి దగ్గర మొహం కడుక్కున్నాడు. అందాకా వచ్చిన పెద్దపేట ప్రయాణం ఆ కుళాయి దగ్గరే ఆగిపోయింది. అయితే అతనిది కూడా మాట మీద నిలబడే మనిషి మొండితనమే. "పరీచ్చ గట్టెక్కాల మరి," అని ఓ మెలిక పెట్టే వెళ్లాడు.

డాక్టరు చెప్పింది పెద్ద కష్టమైంది కాదు. ముందు బల్లమీద కూర్చోబెట్టాలి. ఒకసారికి ఒక్క పనే చెప్పాలి. పది లెక్కలు ఒక్కసారి కాక రెండేసి ఇవ్వాలి. అన్నిటికన్నా ముఖ్యం, కాసేపటికోసారి ఆ పిల్లని లేపి నాలుగడుగులు వేయించాలి, బోర్డు తుడిపించాలి, మళ్లీ కూర్చోబెట్టాలి. మందులు కావాలో వద్దో తర్వాత చూద్దామంది. ప్రతి ఆదివారం తన సొంత ఫోన్లోంచి టీచరుకి చేసి, ఎలా ఉందని అడిగేది.

ఈలోపు మూడో నంబరు రిపోర్టు జిల్లా ఆఫీసుకి చేరి, అక్కడ గొప్ప సంచలనం పుట్టించింది. కొలతలో పందొమ్మిది వియోగాలున్న శిశువు, డాక్టరు గదిలో ముప్పావుగంట ఒక్కసారి కూడా లేవలేదని రాసుంది. పందొమ్మిది నుంచి సున్నాకి! ఒక్క పూటలో! ప్రపంచంలో ఇంతవరకూ ఎవరూ సాధించని స్వస్థతని, దీన్ని రాష్ట్రమంతటా అమలు చెయ్యాలని ప్రతిపాదన వెళ్లింది. ఎలా నయమైందో చూడ్డానికి ఆరునెల్ల పరీక్షలైన వారానికి రాజధాని నుంచి ముగ్గురు పెద్దలు కొత్తగెడ్డ వచ్చారు.

"మూడో శిశువు ఎక్కడ?" అని అడిగారు.

దమయంతి టీచరు నోరు విప్పవలసిన అవసరం రాలేదు, ఢిల్లీశ్వరి వాళ్ల జీపు టాపు మీద ఉంది.

ముగ్గురూ తలెత్తి కాసేపు చూశారు. వాళ్లలో పెద్దాయన గొంతు సవరించుకుని, "చికిత్సా ప్రభావము సుమారు రెండు మాసములు నిలుచును. అనంతరము పునశ్చికిత్స అవసరము," అని రాయించారు. తప్పెక్కడ జరిగిందని ఎవరూ అడగలేదు. ఫలితం రాసుకోడానికి వచ్చారు, రాసుకున్నారు.

పోతూ పోతూ ఏకాగ్రతా రత్నని కూడా చూసిపోదామన్నారు. అక్కడే కొంప మునిగింది. ముందు బల్లమీద కుసుమ రెండు లెక్కలు చేసింది, లేచి బోర్డు తుడిచింది, కూర్చుంది. మళ్లీ రెండు చేసింది, లేచి నీళ్లు తాగొచ్చింది. వైకుంఠరావు గారు గీతలు గీస్తున్న కొద్దీ ఆయన మొహం పాలిపోయింది. గంట తిరిగేసరికి ఏడు.

"ఏడు ఆసన వియోగాలు! రత్నకి!" అని పెద్దాయన ఉలిక్కిపడ్డారు. "ఇంత నిశ్చలమైన శిశువుని మూడు నెలల్లో ఈ స్థితికి తెచ్చారా? పతకం తక్షణం స్వాధీనం చేసుకోండి."

ఆ సాయంత్రం వైకుంఠరావు గారు ఫారం పట్టుకుని తవిటయ్య ఇంటికి వెళ్లారు. ఆయన ఒక్కరే ఆ మాట చెప్పలేక దమయంతి టీచర్ని తోడు తీసుకెళ్లారు. పాపం ఆయనకి నిజంగానే బాధగా ఉంది. నులకమంచం అంచున కూర్చుని చదివారు.

"'నా కుమార్తె యొక్క ఏకాగ్రత క్షీణించినదని అంగీకరించుచూ పతకమును ప్రత్యర్పించుచున్నాను.' ఇక్కడ సంతకం చెయ్యాలి తవిటయ్యా. నన్ను తప్పుగా అనుకోవద్దు."

తవిటయ్య మేకుకి తగిలించిన పతకం తీసి ఆయన చేతిలో పెట్టాడు. "తప్పేటి బాబూ, తీసుకెల్లిపోండి. ఎక్కడ సంతకం?" అని గుండ్రంగా తన పేరు పెట్టేశాడు. అర్ధ సంవత్సర పరీక్షలో కుసుమకి లెక్కల్లో నలభై రెండు మార్కులొచ్చాయి. ఆ కాగితం అతని చొక్కా జేబులోనే ఉంది, వచ్చినవాళ్లందరికీ చూపించి చూపించి మడతలు చిరుగుతున్నాయి. పెద్దపేట అప్పకి ఈ ఏడు గుంటని పంపనని కబురు కూడా పెట్టేశాడు.

అంతలో కుసుమ నోటుబుక్కు పట్టుకుని వీధిలోంచి పరుగెత్తుకొచ్చింది.

"నీ పతకం తీసుకెల్లిపోతన్నారమ్మా. బాధేనా?" అన్నాడు తవిటయ్య.

"ఏ పతకం నానా?" అంది కుసుమ. వైకుంఠరావు గారి చేతిలో ఉన్నది చూసి కూడా దానికి గుర్తు రాలేదు. "ఇది సూడు. నానొక్కదాన్నే సేసినాను. సివరదాకా!"

అది పెద్ద భాగాహారం. పేజీ పొడుగునా కిందకి దిగింది. తవిటయ్య నోటుబుక్కు అటూ ఇటూ తిప్పి, అంత లెక్క తన వల్ల కాక, వైకుంఠరావు గారికి అందించాడు. "బాబూ, మీరు కొలతలోలు గదా. సరిగ్గుందేటి సూడండి."

వైకుంఠరావు గారు కళ్లజోడు పెట్టుకున్నారు. ఒక్కో అంకె మీదా వేలు పెట్టి, పెదాలతో చదువుకుంటూ కిందదాకా వచ్చారు. కొత్తగెడ్డ బడి చుట్టూ మూణ్ణెల్లుగా తిరుగుతున్నారు గాని, ఒక పిల్ల రాసింది చదవడం ఆయనకి అదే మొదలు. శేషం దగ్గర ఆగి, ఇంకోసారి పైనుంచి చూశారు.

"సరిగానే ఉంది," అన్నారు నెమ్మదిగా. "పూర్తిగా సరిగా ఉంది."

"మరది రాసుకోరేటి?" అన్నాడు తవిటయ్య.

వైకుంఠరావు గారు కలం తీసి, ఫారం ముందు పేజీ వెతికారు. తిప్పి వెనక పేజీ వెతికారు. అది రాసుకోవడానికి అందులో గడి లేదు.

దమయంతి టీచరు ఆయన చేతిలోంచి నోటుబుక్కు తీసుకుని, ఎర్ర పెన్నుతో లెక్క పక్కన పెద్ద రైటు కొట్టింది.